సూర్యుడూ నెలవంకా ఉన్న జెండా

“పిండి గట్టిగా రుబ్బు ప్రిస్సీ. పోయినసారి గారెలు నూనె పీల్చేసినాయి,” అన్నాడు శామ్, ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా.

ఆ శనివారం క్లేటన్‌లో, వాళ్ళ యూనివర్సిటీలో భాషల పండుగ. తెలుగు స్టాల్‌కి గారెలు తమవేనని శామ్ అందరికీ మాటిచ్చేశాడు. ప్రిస్సిల్లాని మాత్రం అడగలేదు. ఇద్దరూ దేశం దాటి చదువుకోడానికొచ్చినవాళ్ళే, ఆమె నర్సింగు, అతను డేటా సైన్స్. అసైన్‌మెంట్లు అతనికే ఉన్నట్టూ, పొయ్యి ఆమెకే ఉన్నట్టూ ఆ ఇల్లు నడుస్తోంది.

ప్రిస్సిల్లాది ఉడుపి దగ్గర ఊరు. ఇంట్లోనూ చేపల బజారులోనూ చర్చిలోనూ తుళు మాట్లాడుతూ పెరిగింది. బెంగుళూరులో ఉద్యోగం చేసేటప్పుడు శామ్‌ని ఇష్టపడి పెళ్ళాడింది. నరసాపురంలో అత్తగారు రూత్ “మా కోడలు కన్నడ పిల్ల” అని చుట్టాలకి చెబుతుంటే, “తుళు, అత్తయ్యా” అని మొదట్లో సరిదిద్దేది. “ఏదో ఒకటిలేమ్మా, అన్నీ అటువైపువేగా,” అనేదావిడ. స్నేహితుల ముందు శామ్ “లిపి లేని భాష” అని నవ్వేవాడు. లిపి ఉందనీ, తాటాకుల మీద రాసిన కావ్యాలున్నాయనీ ఆమె చెప్పబోతే, కూర అడుగంటుతోందేమో చూడమనేవాడు. ఆమె తెలుగు నేర్చుకుంది, గోదావరి యాసతో సహా. తుళు మాత్రం వాళ్ళమ్మ ఫోన్ చేసినప్పటికే మిగిలింది. అదీ తలుపు వేసుకుని, ఏదో తప్పు చేస్తున్నట్టు గొంతు తగ్గించి.

శనివారం స్టాల్ దగ్గర గారెలు వేస్తుంటే నూనె చిట్లి చేతిమీద పడింది. “అప్పే!” అంది ప్రిస్సిల్లా. అమ్మా అని.

గారెల కోసం నిలబడ్డ ఒకామె చటుక్కున ముందుకొచ్చింది. “ఈర్ తుళు పాతెరువరా?”

మీరు తుళు మాట్లాడతారా అని ఒక పరాయి మనిషి అడగడం, ఈ దేశంలో అదే మొదటిసారి. ప్రిస్సిల్లా తల ఊపింది. అడిగినామె పేరు హరిణాక్షి. కాలిన చేయి చూసి, “వనస్ ఆండా?” అని అడిగింది. భోంచేశావా అని. పొద్దుట్నుంచీ అందరికీ వడ్డిస్తున్న ప్రిస్సిల్లాకి కళ్ళు నిండాయి.

హరిణాక్షి భుజానికున్న సంచిలోంచి జెండా తీసింది. దానిమీద సూర్యుడు, నెలవంక. “కాసేపట్లో భాషల ఊరేగింపు. మనవాళ్ళు ముగ్గురమే ఉన్నాం. నువ్వు పట్టుకుంటావా?” అంది తుళులో.

విషయం తెలిసి శామ్ కంగారుపడ్డాడు. “ఇప్పుడా? గారెలెవరేస్తారు? అయినా రాష్ట్రం కూడా లేనోళ్ళకి జెండా ఏంటి ప్రిస్సీ, నవ్వుతారు.”

“నవ్వనీ. రాష్ట్రం లేకపోతే మా అమ్మ మాట్లాడేది భాష కాకుండా పోదు.” చిల్లుల గరిటె అతని చేతిలో పెట్టింది. “నూనె కాగే ఉంది. చేయి తడి చేసుకుని వెయ్యి.”

పచ్చికలో నడుస్తుంటే జెండా బట్ట గాలికి మొహాన్ని కొట్టింది. మైకు దగ్గర ఎవరో పేరడిగారు. “యాన్ ప్రిస్సిల్లా,” అంది. తర్వాత తన ఊరి గురించి, సముద్రం గురించి, చిన్నప్పుడు చర్చిలో పాడిన తుళు పాటల గురించి చెప్పింది, తలుపులేవీ వేసుకోకుండా. అర్థమైనవాళ్ళు ముగ్గురే. చప్పట్లు మాత్రం అందరూ కొట్టారు. గుంపు వెనకాల శామ్ కనిపించాడు, చొక్కా నిండా పిండితో. ఇంత పెద్ద గొంతు ఆమెకుందని అతనికి అప్పటిదాకా తెలియదు.

సాయంత్రం అత్తగారు వీడియో కాల్ చేశారు. “ఏదో కన్నడ జెండా పట్టుకున్నావంటగా?”

“తుళు జెండా, అత్తయ్యా,” అంది ప్రిస్సిల్లా. ఆవిడ ఏదో ఒకటిలే అనబోయేలోపు శామ్ పక్కనుంచి, “తుళు అమ్మా, కన్నడ వేరు,” అన్నాడు.

ఫోన్ పెట్టేశాక ప్రిస్సిల్లా నెమ్మదిగా చెప్పింది. “రేపట్నుంచి ఇంట్లో నేను తుళులోనే మాట్లాడతాను శామ్. నీ భాష నేను నేర్చుకున్నాను. ఇప్పుడు నీ వంతు.”

శామ్ సోఫాలో వెనక్కి వాలాడు. “ఉప్పుని ఏమంటారు?”

“ఉప్పే.”

అతనికి నవ్వొచ్చింది. “మరి నీళ్ళు?”

“నీర్.”

“సరే, నాకు నీర్ కావాలంటే ఏమనాలి?”

“ఏమీ అనక్కర్లేదు,” అంది ప్రిస్సిల్లా. “లేచి తెచ్చుకోవాలి.”