కాసులమ్మ వంతు

ఆయిల్ చూద్దామని జీపు బానెట్ ఎత్తిన దానయ్యకి, డీజిల్ పంపు మీద తాను బిగించిన సీలు తీగ తెగి వేలాడుతూ కనిపించింది.

తీగ దానంతటది తెగలేదు. ఎవరో కటింగ్ ప్లేయర్‌తో కొరికారు. దాని కిందున్న స్క్రూ లోపలికి తిరిగి ఉంది. ఇంజిన్‌లోకి ఎంత డీజిల్ వెళ్ళాలో తేల్చేది ఆ స్క్రూయే.

"ఎవుడ్రా దీన్ని ముట్టుకున్నాడు?"

"నాను కాదు మావా," అన్నాడు డ్రైవర్ అప్పలరాజు. "నిన్నటికాడి నుంచి బండి ఎగిరిపోతంది. నువ్వే సేసినావనుకున్నాను."

దానయ్య నమ్మలేదు. ఇంకాస్త లాగేలా చెయ్యమని నెలల తరబడి తన ప్రాణం తీస్తున్నది ఈ అప్పలరాజే.

జీపు బారువ నుంచి తెల్లారుతూనే బయల్దేరుతుంది. ఉద్దానం ఊళ్ళలో కిడ్నీ రోగుల్ని ఎక్కించుకుని, కాశీబుగ్గలో దానయ్య షెడ్డు దగ్గర ఒకసారి ఆగి, విశాఖపట్నం పోతుంది. అక్కడి ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేసే మిషన్లు కొన్నే. ముందు చేరినవాళ్ళకి ముందు వంతు. ఆలస్యమైతే వరండాలో పడుకోవాలి, లేదా ఉత్త చేతులతో తిరిగి రావాలి.

దానయ్య భార్య బొడ్డమ్మ కూడా ఆ జబ్బుతోనే పోయింది. అప్పట్లో ఏ ఊరు వెళ్ళాలో చెప్పినవాడు లేడు. ఆమె పోయాక అతను అన్నం కూడా షెడ్డులోనే, పక్కనున్న జీడిపప్పు ఫ్యాక్టరీ పొగలోనే వండుకుంటున్నాడు. బక్కపల్చటి మనిషి. గోళ్ళలో నలుపు ఏ సబ్బుకీ పోదు. తాను చూసి పంపిన బండి దారిలో ఆగిందన్న మాట ఇంతవరకు వినలేదు. అతనికున్న ఆస్తి అదొక్కటే.

పోయిన వేసవిలో ఓ తుక్కుబండి నుంచి టర్బో విప్పి ఈ పాత జీపుకి ఎక్కించింది అతనే. ఇంజిన్‌కి గాలి పెరిగింది, నిండా జనం ఎక్కినా బండి లాగింది. డీజిల్ మాత్రం కొలిచి, కొంచెమే పెంచి సీలు వేశాడు. ఇంకా పోస్తే ఇంకా పరిగెడుతుందని అతనికి తెలుసు. ఆ వేడికి ఒక రోజు హెడ్ గ్యాస్కెట్ కాలిపోయి బండి నడిరోడ్డు మీద నిలబడిపోతుందనీ తెలుసు. రోజూ కాస్త ఆలస్యంగా చేరే బండి మేలా, ఒక రోజు అసలు చేరని బండి మేలా అని అప్పలరాజుని అడిగితే, వాడు నవ్వి టీ తెప్పించేవాడు.

దానయ్య స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. వెనక సీట్లోంచి బారువ రామూర్తి దిగొచ్చాడు. చేపల వేట మానేసి ఏడాదైంది. భార్య కాసులమ్మని తిప్పడమే ఇప్పుడతని పని.

"తగ్గించీకు అన్నా. మొన్న మాకు వంతు రానేదు."

దానయ్య లోపలికి చూశాడు. కాసులమ్మ మొహం ఉబ్బి కళ్ళు సన్నబడ్డాయి. పాదాలు చెప్పుల్లో పట్టక సీటు మీద చాపుకుంది. ఇవాళ కూడా వంతు తప్పితే ఏమవుతుందో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

స్క్రూని పూర్తిగా వెనక్కి తిప్పాల్సినవాడు సగమే తిప్పాడు. సగం కొలతకి సీలు వెయ్యడానికి మనసొప్పక కొత్త తీగ జేబులో వేసుకున్నాడు. ఇంజిన్ వేడి చూపే ముల్లు మీద కన్నేసి నడపమని అప్పలరాజుకి గట్టిగా చెప్పి పంపాడు.

ఆ పూటంతా చేతుల్లో ఒక ట్రాక్టరు, మనసులో ఆ జీపు. టెక్కలి దాటి ఉంటుంది. నరసన్నపేట దాటి ఉంటుంది. మధ్యాహ్నం అన్నం వార్చుకుంటుండగా పక్క కొట్టుకి ఫోనొచ్చింది.

జీపు నరసన్నపేట చేరలేదు. కోటబొమ్మాళి దాటాక తెల్లటి పొగ కక్కి ఆగిపోయింది. రోడ్డు వెడల్పు పనుల దుమ్ములో ఏ బండీ ఆపలేదు. చివరికో లారీవాడు ఆపేసరికి కాసులమ్మకి ఊపిరి లేదు.

సాయంత్రం జీపుని తాడు కట్టి లాక్కొచ్చారు. దానయ్య బానెట్ ఎత్తి మొదట స్క్రూనే చూశాడు. తాను ఉంచినచోట లేదు. చివరికంటా లోపలికి బిగించి ఉంది. వెనక్కి తిరిగి అప్పలరాజు చొక్కా పట్టుకున్నాడు. వాడు విడిపించుకోలేదు, ఏడుస్తున్నాడు.

అప్పుడే కాసులమ్మని బారువ తీసుకెళ్తున్న వ్యాను షెడ్డు ముందు ఆగింది. రామూర్తి ఒక్కడే దిగాడు. లుంగీకి మోకాళ్ళదాకా బురద ఎండి ఉంది.

"ఆడ్ని ఒగ్గీ అన్నా. తిప్పినోడ్ని నాను. నిన్న తీగ తెంపినోడ్నీ నానే. టెక్కలి కాడ అందరూ టీకి దిగినప్పుడు మల్లీ బిగించినోడ్నీ నానే. మా బోటింజినుకు ఇలాగే సేసీవోల్లం. పెద్ద అల దాటాలంటే డీజిలు పెంచీడమే. ఎన్నేల్లు పెంచినా కాలనేదు. సముద్రం నీల్లే ఇంజిన్లో తిరిగీవి గదా, ఇంక ఇంజిను ఏడెక్కీదెక్కడ? రోడ్డు మీద సముద్రం ఉండదని నాకు తట్టనేదన్నా. దానికి ముందుగాల వంతొత్తాదనుకున్నాను, అంతే. బండాగిపోనాక కాలవకాడికి పరిగెట్టి నీల్లు తెచ్చి ఇంజినుకు పోత్తన్నాను. ఎనకనుంచి అది దాహమంది. రోజుకి గలాసు దాటితే ఊపిరాడదని డాకటేరు సెప్పినాడు. పొద్దున్నే తాగీసినావు గదా, ఊరుకోమన్నాను. ఇంజినుకు బకెట్లతో పోసినానన్నా. దానికి గుక్కెడు పొయ్యనేదు."