పాత కనెక్షన్

సెలవులకి వాళ్ళింటికి వచ్చినప్పటి నుంచీ అక్క సముద్రం చూపిస్తానంటోంది. ఈ సాయంత్రం బస్సుకి నేను ఇంటికి వెళ్ళిపోవాలి. మధ్యాహ్నం చెప్పులు వేసుకుంటుంటే అక్క ఫోన్ మోగింది. ఆఫీసు నుంచి.

"పది నిమిషాలే" అని లాప్‌టాప్ తెరిచింది. నేను చెప్పులు విప్పకుండా గుమ్మంలో కూర్చున్నాను.

వాళ్ళ కంపెనీలో ఆర్డర్లు తీసుకునే ప్రోగ్రాములు ఒకదాని మీద ఒకటి ఆధారపడి నడుస్తాయట. ఆగిపోతే ముందు డేటాబేస్‌ని లేపాలి, తర్వాత లాగిన్, చివరికి ఆర్డర్లు. కొత్తగా చేరినతను అన్నింటినీ ఒకేసారి లేపేశాడు.

"ఆలు లేదు, చూలు లేదు, కొడుక్కి పేరు పెట్టేశావా నాయనా?" అంది అక్క ఫోన్లో.

వంటింట్లోంచి బావ తొంగిచూశాడు. "మరదలు పిల్లా, చెప్పులు విప్పెయ్. మీ అక్క పది నిమిషాలు అయ్యేలోపు నేను గీసుకున్న గడ్డం మళ్ళీ మొలుస్తుంది."

"ఫర్వాలేదు బావా."

అక్క డేటాబేస్‌ని, లాగిన్‌ని మళ్ళీ వరుసగా లేపింది. తెర మీద అన్నీ పచ్చగా వెలిగాయి. ఆర్డర్లు మాత్రం కదల్లేదు. అక్క పెన్ను మూత కొరుకుతూ కూర్చుంది. నాకు లెక్కలు చెప్పేటప్పుడూ అంతే. అలా కొరికిన మూతలు మా ఇంట్లో ఇంకా ఉన్నాయి. నేనే పారేయనివ్వలేదు.

గదిలో ఎండ గోడెక్కాక నన్ను పిలిచింది.

"తప్పు నాదేనే. ఆర్డర్లది పచ్చగానే ఉంది కదా అని దాన్ని ముట్టుకోలేదు. అదేమో డేటాబేస్‌తో తెగిపోయిన పాత కనెక్షన్ పట్టుకుని కూర్చుంది. అడిగితే బాగున్నానంటుంది. లోపల జవాబు కోసం చూస్తోంది."

"మరి చెప్పొచ్చు కదా?"

"అది చెప్పదే. మనమే వెళ్ళి చూడాలి."

ఆర్డర్లని మళ్ళీ లేపే మీట నొక్కబోతూ నా చెప్పుల వైపు చూసింది. తర్వాత గడియారం వైపు.

"ఫర్వాలేదక్కా" అన్నాను.

ఇక సముద్రానికి పొద్దు లేదు. బస్టాండులో అక్క నాతో పాటు బస్సెక్కి పక్కన కూర్చుంది.

"అమ్మా, మీరూ వస్తున్నారా?" అన్నాడు కండక్టరు.

"ఇంకా కదల్లేదుగా" అంది, నా చెయ్యి వదలకుండా.

ఇంజను స్టార్టయ్యాక దిగి కిటికీ దగ్గరికొచ్చింది. "ఫోన్ చేస్తే 'బాగున్నా' అని పెట్టేయకు. మళ్ళీ అడుగుతా."

తల ఊపాను.

ఊరి చివర మలుపులో ఉప్పుగాలి తగిలింది. సముద్రం ఎటు ఉందో తెలియక రెండు వైపుల కిటికీల్లోంచీ చూశాను.