ఎదురుగా నిలబడే మనిషి

ఆమె కుట్టుమిషను మీద వంగి జాకెట్టు చేతులు కుడుతోంది. తలెత్తేసరికి ఎదురుగా మొగుడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. ఉలకడు, పలకడు. చేతులు వేలాడేసుకుని ఆమెనే చూస్తున్నాడు.

సూది వేలికి గుచ్చుకుంది.

"వచ్చారా? అలికిడే లేదు. ఈ జాకెట్టు రేపటికి కావాలట. ఆవిడ ఇచ్చిన కొలతకీ ఒంటికీ పొంతనే లేదు. అన్నం పెట్టనా? నీళ్లు కాగాయి, ముందు స్నానం చేస్తారా..."

భయమేస్తే ఆమె నోరు ఆగదు. చిన్నప్పుడు వసపిట్ట అనేవాళ్లు. అతను ఆ మాటలు అయ్యేదాకా ఆగుదామని నిలబడ్డాడు. అవి అయితే కదా. వెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదే వరస. ఇద్దరికీ రెండో పెళ్లే. అతని మొదటి భార్య జబ్బుచేసి పోయింది. ఈమె మొదటి మొగుడి దగ్గర్నుంచి ప్రాణాలతో బయటపడింది. వాడు కొట్టేముందు అరిచేవాడు కాదు. వచ్చి ఎదురుగా ఊరికే నిలబడేవాడు. ఎంతసేపు నిలబడితే దెబ్బ అంత గట్టిగా పడేది.

ఇతను చెయ్యెత్తే మనిషి కాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఆమె ఒంటికి తెలియదు. మంచం దగ్గర అతని నీడ పడగానే కాళ్లూ చేతులూ చల్లబడతాయి. ఇష్టం లేక కాదు. అతను కొళాయి దగ్గర వంగి బిందె ఎత్తుతుంటే ఆ వీపు చూసి తనలో తనే సిగ్గుపడ్డ రోజులున్నాయి. ఇష్టం ఒక దారి, భయం ఒక దారి.

పొద్దున్నే అక్కకి ఫోను చేసింది. "మూగమొద్దుని కట్టబెట్టావు కదే!"

"మా ఆయన కాసేపు నోరు మూస్తే చాలని నేను మొక్కని దేవుడు లేడు. మార్చుకుందామా?"

"నవ్వకే అక్కా. భయంతో చచ్చిపోతున్నాను. నీ దగ్గరికి వచ్చేస్తాను."

అక్క నవ్వు ఆగిపోయింది. "రా. కానీ ఆయన మొహం మీద చెప్పి రా. చెప్పకుండా వచ్చావంటే నేను గడప తొక్కనివ్వను."

బట్టలు సంచిలో కుక్కుకుని అతను పనిచేసే కట్టెకోత మిల్లుకు వెళ్లింది. రంపం మోతకు చెవులు దిమ్మెక్కాయి. అతను అటు తిరిగి దుంగను రంపానికి నెడుతున్నాడు. పిలవబోయింది. ముసలి మేస్త్రీ అడ్డం వచ్చాడు.

"పిలవకమ్మా! వెనకనుంచి అసలే వద్దు!"

"నేను ఆయన భార్యనండీ."

"దేవుడొచ్చినా అంతే. చుట్టూ తిరిగి ఎదురుగా నిలబడు. చెక్క తెగాక తనే చూస్తాడు."

"ఎందుకట?"

మేస్త్రీ చెయ్యి చూపించాడు. రెండు వేళ్లు లేవు. "మా బావమరిది ప్రేమగా పిలిచాడు. ఇటు తిరిగాను."

ఆమె ఎదురుగా వెళ్లి నిలబడింది. ఇంట్లో అతను నిలబడేదీ అచ్చం ఇలాగేనని అప్పుడు తట్టింది.

చెక్క తెగింది. అతను తలెత్తాడు. కళ్లు సంచి మీద పడ్డాయి. మొహంలో నెత్తురుచుక్క లేదు. రంపం ఆపాడు.

"వెళ్లిపోతున్నావా?"

"ఇంట్లో కూడా ఇందుకేనా అలా నిలబడేది?"

"పనిలో ఉంటావు. లేదంటే మాట్లాడుతుంటావు. మధ్యలో చెయ్యి వేస్తే ఉలిక్కిపడతావని."

"మీరు నిలబడితేనే నాకు ప్రాణం పోతోంది. వాడు అలాగే నిలబడేవాడు. ఆ తర్వాత కొట్టేవాడు."

అతను బల్ల అంచు పట్టుకున్నాడు. ఆమెనే చూస్తూ నిలబడిపోయాడు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఇదిగో, ఇదే! ఇప్పుడు మనసులో ఏముందో చెప్పండి."

"నువ్వెళ్తే ఎలా అని. భయమేస్తోంది."

"అది పైకి అనండి మరి! దగ్గరికి వచ్చేముందు ఏదో ఒకటి అనండి. పోనీ, దగ్గండి."

"నాకు దగ్గు లేదే," అన్నాడతను. మేస్త్రీ అటు తిరిగి నవ్వాడు.

"ఈ ఒక్క పూటా చూస్తాను," అని ఆమె ఇంటికి వచ్చింది. మిషను ముందు కూర్చుంది కానీ ఒక్క కుట్టూ పడలేదు. చెవులు వీధిలోనే ఉన్నాయి.

పొద్దువాలుతుండగా వీధి మలుపు నుంచే కేక వినిపించింది. "వస్తున్నాను!"

పక్కింటి పిన్ని కిటికీలోంచి, "ఎవరింటికి నాయనా, మా ఇంటికా?" అంది.

"వచ్చాను," అన్నాడు గుమ్మంలో. "చెప్పులు విప్పాను."

ఆమెకు నవ్వొచ్చింది, గుండె దడ మాత్రం తగ్గలేదు. గది మధ్యలో ఆగాడు. మళ్లీ అదే నిలబడటం.

"నీ దగ్గరికి రావాలనుంది," అన్నాడు. ఆ ముక్క అనేసరికి నుదుటి నిండా చెమట.

ఆమె మిషను దగ్గర్నుంచి లేచింది. చెయ్యి చాపింది. అది వణుకుతూనే ఉంది. అతను దాన్ని చూస్తూ అక్కడే ఆగిపోయాడు.

"భయపడుతున్నావు."

"అవును."

"పోనీ, అవతలికి వెళ్లనా?"

"వద్దు. పట్టుకోండి. పట్టుకుని ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి."