జబ్బు లేని మనిషి

"నీకు గిన్నెలు తోమే యాళ్లకే వస్తది పిల్లా, తినే యాళ్లకు రాదు" అంది సరోజమ్మ, కోడలి మొహాన నీళ్లు చల్లుతూ.

రెబెక్కా లేచి కూచుంది. మోచెయ్యి గీరుకుపోయింది. కాసేపు నడుం వాల్చాలనిపించినా బూడిద చేతులతోనే మళ్లీ గిన్నె అందుకుంది. ద్రాక్షతోటలో కూలికి పోయేలోపు ఇంటెడు చాకిరీ తెమలాలి. పెళ్లైన రెండో ఏడు నుంచీ ఇలా పడిపోతోంది. శంషాబాద్ డాక్టరు మూర్ఛ అని మాత్రలు రాశాడు. వాటితో చిగుళ్లు వాచాయి, పొద్దంతా మత్తు, పడడం మాత్రం ఆగలేదు. అయినా ఆ మాత్రల పుణ్యాన ఇంట్లో ఆమెకు కాస్త దయ దక్కింది. బావికి ఒంటరిగా పంపేవారు కాదు. పొయ్యి దగ్గర ఎవరో ఒకరు ఉండేవారు. 'బీమారి మనిషి' అని మొగుడు శామ్ ఎత్తిన చెయ్యి దించిన రోజులూ ఉన్నాయి.

తొంభై ఏడులో పట్నం దవాఖానలో డాక్టర్ మృదుల కొత్త పరీక్ష గురించి చెప్పింది. "మాత్రలు ఆపి వార్డులో ఉంచుతాం. ఫిట్స్ వచ్చిన క్షణంలోనే ఇంజెక్షన్ ఇచ్చి మెదడు ఫోటో తీస్తాం. మామూలుగా ఉన్నప్పుడు ఇంకోటి. మూర్ఛయితే మొదటి ఫోటోలో అది పుట్టేచోట రక్తప్రవాహం ఎక్కువగా కనిపిస్తుంది."

వార్డులో ఫిట్స్ రాలేదు. ఎవరో వండింది తినడం, ఎవరూ పిలవకుండా నిద్రపోవడం రెబెక్కాకు వింతగా ఉంది.

"చూసిన్రా మేడం, ఈడ రాదు. ఇంట్లనే వస్తది" అన్నాడు శామ్, దొంగను పట్టించినవాడిలా. డాక్టరు వెళ్లాక మంచం మీదికి వంగాడు. "నీ జాగల తోటకాడ ఇంకోదాన్ని కూలికి పెట్టుకున్నరు. ఇంటికి రా, నీ సంగతి చెప్త."

రెబెక్కా దవడలు బిగుసుకున్నాయి. నర్సు సిరంజితో పరుగెత్తుకొచ్చింది.

రెండు ఫోటోలూ తీశాక డాక్టరు ఆమెను ఒక్కదాన్నే పిలిచి నవ్వుతూ చెప్పింది. "శుభవార్తమ్మా. రెండు ఫోటోలూ ఒకేలా ఉన్నాయి. తలకు వైర్లు పెట్టి చూసినదీ అదే చెబుతోంది. నీకు మూర్ఛ లేదు. అలాగని నటిస్తున్నావనీ కాదు. మనసు మోయలేనిది ఒళ్లు ఇలా బయటపెడుతోంది. ఇంట్లో కష్టమా?"

రెబెక్కా చేతులు జోడించింది. "మూర్ఛనే అని చెప్పున్రి మేడం. మీ కాల్మొక్త."

"అబద్ధం ఎలా చెప్పనమ్మా? వారం వారం రా, మాట్లాడుకుందాం. మీ ఆయనకు నేను వివరంగా చెబుతాను."

వివరంగానే చెప్పింది. శామ్ తలూపుతూ అంతా విన్నాడు. ఇంటికి రాగానే తల్లితో ఒక్క మాట అన్నాడు. "బీమారి లేదట."

మాట్లాడడానికి పట్నం పోవాలని రెబెక్కా ఒకసారి గుర్తు చేసింది. "నోరు ఈడ లేదా? మాట్లాడనీకి బస్సెక్కాల్నా?" అన్నాడు.

బావి నీళ్లూ పొయ్యీ అన్నీ ఆమెవే అయ్యాయి. పడితే ఎవరూ లేపడం లేదు, దాటుకుని పోతున్నారు. పొయ్యి అంచు తగిలి చెంప కాలినప్పుడు కూడా సరోజమ్మ మాడిన కూర గురించే అరిచింది. ఆ రోజే రెబెక్కా నిశ్చయించుకుంది. ఈ ఇంట్లో తన ఒంటిని తానే కాపాడుకోవాలి. ఫిట్స్ వచ్చేముందు చెవుల్లో హోరు పుడుతుంది. ఆ కాస్త వ్యవధి చాలు.

ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి కూర తాలింపు వేస్తుండగా హోరు మొదలైంది. గబగబా కట్టెలు వెనక్కి లాగి నీళ్లు చల్లింది. గిన్నె దూరంగా నెట్టింది. చాప పరుచుకుని పక్కకు తిరిగి పడుకుంది. ఒళ్లు ఎగిరెగిరి పడుతోంది. నాలుక కదలడం లేదు. చెవులు మాత్రం వింటున్నాయి.

గుమ్మంలోంచి సరోజమ్మ కొడుకును పిలిచింది.

"నీ కండ్లతోని చూడు బిడ్డా. నిజంగ పడేటోళ్లు పొయ్యి ఆర్పి, చాప పరుచుకొని పడ్తరా?"