కావలోళ్ల బువ్వ

గిన్నె అడుగున మాడిన కూరంటే నాకు మస్తు ఇష్టమని మా ఇంట్ల అందరికీ తెలుసు. పెండ్లయిన కొత్తల ఎవలో అడిగితే నవ్వుకుంట "నాకు గదే ఇష్టం" అన్న. అంతే, పద్దెనిమిదేండ్ల సంది గదే నా వాటా. ముందు మా ఆయన పరశురాం తింటడు. పాపన్నపేట రూట్ల షేర్ ఆటో నడుపుతడు గదా, ఆయనకు టైం ఉండదు. తర్వాత మా అత్తమ్మ యాదవ్వ. ఆఖరుకు నేను, నా బిడ్డ శ్రేయ. ఈ లైను ఎవలు పెట్టిన్రంటే ఎవలూ పెట్టలే. "ఆడిదానికి ఆకలి తొందర ఉండొద్దు" అని అత్తమ్మ ఒక్కపారి అన్నది, ఇగ మళ్ల అనే అవసరమే రాలే.

నేను టీబీ ల్యాబ్ల టెక్నీషియన్‌ని. శంకరంపేట నుంచి, టేక్మాల్ నుంచి తెమడ డబ్బీలు వస్తయి. గాజుపలక మీద పూసి, రంగేసి, మైక్రోస్కోపుల చూస్తే నీలం నడుమ ఎర్రటి సన్నపుల్లలు కనవడ్తయి. ఆ ఎర్రపుల్లలే టీబీ పురుగులు. పొద్దంత వాటినే చూస్త. రిపోర్టు తీస్కపోను వచ్చినోళ్లకు "మంచిగ తినుండ్రి, రోజూ గుడ్డు తినుండ్రి" అని నోరునొచ్చేదాక చెప్త.

రెండేండ్ల కింద ఒక పలక మీద ఎర్రపుల్లలు చూసి పేరు చదివితే మా ఆయనది. పేరు మళ్లొకపారి చదివిన. ఆర్నెల్లు గోలీలు మింగిండు. పొద్దుగాల రెండు గుడ్లు, పొద్దూకి పాలు. "మొగోడు నిలవడాలె, ఇల్లు నిలవడాలె" అని అత్తమ్మ గుడ్లు ఉడకవెట్టేది, నేను పొట్టు తీసేదాన్ని. పక్కల పండుకొని ఆయన దగ్గంత పీల్చినదాన్ని నేను. పెయ్యి తుడిచింది నేను. నాకూ ఒక గుడ్డు ఉడకవెట్టాలెనని ఎవలికీ తోచలే. వాళ్లననేదేముంది, నాకే తోచలే! ఊరందరికీ చెప్పే నోరు నా కంచం దగ్గర మూతవడ్డది. నాకు ఎక్స్‌రే తీస్తే ఏం లేదన్నరు, నేనూ మర్చిపోయిన.

పోయిన నెల హైదరాబాద్ నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది, టీబీ మీద కొత్తగ కనిపెట్టినయి చెప్పనీకి. నేను బుక్కు, పెన్ను పట్టుకొని ముందు కుర్చీల కూసున్న. మా ఇన్‌ఛార్జి మదన్ మోహన్ సార్ నన్నే చూసి "దేవికా, జర చాయ్ సంగతి చూడమ్మా" అన్నడు. నా తర్వాత నౌకరీల చేరిన ఇద్దరు మొగపిల్లలు సాఫ్‌గ కూసునే ఉన్నరు. లేస్తే తప్పేముంది, లేవకుంటేనే పంచాయితి. లేచిన.

చాయ్ ట్రే పట్టుకొని మళ్ల తలుపు కాడికి వచ్చేసరికి ఆమె అంటుంది: "పురుగు లోపలికి పోయినోళ్లందరికీ రోగం రాదు. వందల తొంభై మందికి జన్మంత రాదు. మన తెల్లకణాలు దాని సుట్టు గూడి గోడ కడ్తయి. ఏండ్లకేండ్లు కావలి కూసుంటయి."

నేను ఆన్నే నిలవడ్డ. గిన్నేండ్ల సంది నేను చూసింది పురుగునే. దాన్ని పట్టి ఆపేటోళ్లు ఉన్నరని పుస్తకంల చదివిన గని, గిట్ల మనుషుల లెక్క ఎన్నడూ తలువలే.

"మరి ఆ గోడ ఎప్పుడు కూలుతది?" అని ఆమెనే అడిగి, ఆమెనే చెప్పింది. జార్ఖండ్ల టీబీ వచ్చినోళ్ల ఇండ్లల్ల వేలమందిని పట్టుకొని చూసిన్రట. కొన్ని ఇండ్లల్ల రోగికే రేషన్ ఇచ్చిన్రు. కొన్ని ఇండ్లల్ల ఇంటిల్లిపాదికీ బియ్యం, పప్పు, విటమిన్ గోలీలు ఇచ్చిన్రు. కడుపునిండ తిన్న ఇండ్లల్ల దగ్గుతోని అంటుకునే టీబీ కొత్తగ వచ్చుడు దాదాపు సగానికి పడిపోయింది. సగం! పప్పు, బువ్వతోని! మందు కాదు, మిషిన్ కాదు. సార్ "దేవికా, చాయ్" అని రెండుపార్లు పిలిచిండట, నాకు వినవడలే. చాయ్ మీద మీగడ కట్టింది.

ఆ వారమే మా సూపర్‌వైజర్ పెర్సిసక్క, ఇంట్ల టీబీ వచ్చిన స్టాఫందరికీ చేతికి సూది పరీక్ష చేసింది. రెండు దినాలకు నా చెయ్యి మీద శెనగగింజంత గట్టిగ లేచింది.

"నీ లోపల ఉంది దేవికా, పండుకొని ఉంది" అన్నది అక్క. "పరేషాన్ గాకు. ఎక్స్‌రే సాఫ్‌గనే ఉంది. వారానికోపారి గోలీలు, మూన్నెల్లు మింగు." నన్ను కాంట మీద నిలవెట్టింది. ముప్పై ఎనిమిది కిలోలు. అక్క నా మొకం చూసింది. "ఏమే, పేషెంట్లకు చెప్పేది నువ్వు చేస్తున్నవా?"

బాత్రూంల పోయి తలుపేసుకొని ఆ వాపును వేలితోని తడిమిన. భయమైంది, అబద్ధమెందుకు. గని భయం కన్న పెద్దది ఇంకోటి అయింది. సూదిల ఉన్నది పురుగు తునక. నా కావలోళ్లు దాన్ని ఆనవాలు పట్టి ఉరికొచ్చిన్రు, గదే ఈ వాపు. రెండేండ్ల సంది నాకు తెల్వకుంట, జీతం లేకుంట, ఒక్కపారి శెభాష్ అనిపిచ్చుకోకుంట రాత్రింబవళ్లు నన్ను కాసిన్రు. ఏం తిని కాసిన్రమ్మా మీరు? మాడిన కూర తినా? గంజి తాగా? కండ్లల్ల నీళ్లు ఆగలే.

అప్పుడు యాదికొచ్చింది. అత్తమ్మ తల్లిగారిది మంజీర ఒడ్డు. అడవిపందులు వరి మీద పడకుంట మంచె మీద కావలి ఉండేటోళ్లట. పొయ్యి మీదికెల్లి దించినంక మొదటి బువ్వ మంచె మీదికే పోయేదట. "ఇంటి పెద్దకన్న ముందే. కావలోడు ఆకలితోని కండ్లు మూస్తే చేను పందుల పాలు" అని ఎన్నిపార్లు చెప్పిందో.

ఇంటికొచ్చేసరికి శ్రేయ ఒక్కతే కూసొని గిన్నె గీక్కుంట తింటుంది. "గదేందే, అడుగుది?" అన్న.

"నాకు గదే ఇష్టమమ్మా" అన్నది.

అది నా మాట. వాళ్ల నాయిన దగ్గిన రూమ్‌లనే అదీ పండుకున్నది. తెల్లారి తోల్కపోయి దానికీ సూది ఏయించిన. రెండు దినాలకు దాని చెయ్యి మీద గూడ వాపు లేచింది.

ఆ ఆదివారం పగటీలి గుడ్డుకూర వండిన. మొదలు శ్రేయకు పెట్టిన, తర్వాత నేను పెట్టుకున్న. నిండ. మొదటి బుక్క నోట్ల పెట్టుకుంటుంటే ఆయన ఆటో ఆపి లోపలికొచ్చిండు.

"ఏందే, నాకన్న ముందే కూసున్నవ్?"

చెప్పిన. వాపులు, కావలోళ్లు, సగానికి తగ్గుడు, అన్నీ చెప్పిన. బువ్వ తినుకుంటనే చెప్పిన. ఆయన గోడకొరిగి కూసున్నడు. "నా నుంచేనా?" అన్నడు మెల్లగ.

"పురుగు మీద పేరు రాసి ఉండదు. గిన్నెల ఉంది, పెట్టుకో."

ఆయన అత్తమ్మ దిక్కు చూసిండు, ఏమన్న అంటదేమోనని. నేనూ చూసిన. అనెటట్టుంటే జవాబు తయారుగనే ఉంది. అత్తమ్మ నా కంచం దిక్కు చూసింది. చీర కొంగు జరిపి, కట్టెపుల్లసొంటి చెయ్యి నా ముందర జాపింది.

"నన్ను గూడ తోల్కపో బిడ్డా. నా లోపల గూడ కావలోళ్లు ఉన్నరేమో అడుగు. యాభై ఏండ్ల సంది వాళ్లకు నేను బువ్వ పంపలే."