గోడలో ఆయన చెయ్యి

టకటక మామయ్యకు పక్షవాతం వచ్చి మాట పడిపోయిందనగానే వీధి వీధంతా "అయ్యో పాపం" అంది. కానీ ఆయనకు అసలు పోయింది మాట కాదు, కుడి చెయ్యి. మాటదేముంది! ఓడల్లో రేడియో ఆఫీసరుగా పనిచేసినన్నాళ్ళూ ఆయన నోరు విప్పింది తక్కువే. ఇత్తడి మోర్స్ కీ మీద చుక్కలూ గీతలూ టకటకలాడించి సముద్రం అవతలి వాళ్ళతో కబుర్లాడిన మనిషి. రిటైరయ్యాక కూడా కంచం అంచు మీదో, కుర్చీ చేతి మీదో ఆ వేళ్ళు ఆడుతూనే ఉండేవి. అందుకే ఆ పేరు.

ఆయన భార్యదీ అదే విద్య. పెళ్ళికి ముందు రేవులో రేడియో స్టేషన్లో పనిచేసేది. ఆయన మొహం చూడకముందే ఆవిడకు ఆయన చెయ్యి తెలుసు. కీ నొక్కడంలో ఎవరి తీరు వాళ్ళది, చేతిరాతలాగే ఇట్టే పోల్చుకోవచ్చు. చివరి గీతను కాస్త సాగదీసి వదిలే ఆయన అలవాటుకే పడిపోయానని ఆవిడ పదిమందిలోనూ చెప్పేది. "మొహానిదేముందమ్మా, ఇవాళ ఉన్నట్టు రేపుండదు. చెయ్యి మారదు," అనేది. ఆయన మీసాల చాటున మురిసిపోయేవాడు.

ఇప్పుడు ఎడమ వేళ్ళతో కుర్చీ మీద ఏదో చెప్పబోతే, "ఏవండీ, నిన్న కాక మొన్న చేరినవాడిలా ఏమిటా తడబాటు!" అని నవ్వుతుంది. ఆనక వంటింట్లోకి వెళ్ళి కళ్ళొత్తుకుంటుంది. ఆవిడతో మళ్ళీ తన చేత్తో మాట్లాడాలి. ఆయనకు మిగిలిన కోరిక అదొక్కటే.

హాల్లో ఓడ నుంచి తెచ్చుకున్న గడియారం ఉంది. దాని మీద అక్కడక్కడా ఎర్ర రంగు ముక్కలు. ముల్లు ఆ ఎరుపులో ఉన్నంతసేపూ ఏ ఓడా కీ ముట్టకూడదు. ఆపదలో ఉన్నవాడి పిలుపు వినపడాలని అందరూ చెవులు రిక్కించి కూర్చోవాలి. ఈ ఇంట్లో ఇప్పటికీ అదే చట్టం.

ఆ మధ్యాహ్నం ముల్లు ఎరుపులోకి రాగానే గోడలోంచి టక్ టక్‌మని మొదలైంది.

నీళ్ళ గొట్టమేమో అనుకున్నాడు. కాదు, అది పిలుపు. కాపాడమని పిలుపు. పేరు లేదు, ఉన్న చోటు లేదు. ఇలాంటిది ఆయన మొదటి ఓడలో ఒకసారి విన్నాడు. ఆనాడు పని నేర్పిన పెద్దాయన హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టేసి, "చోటు చెప్పనివాడికి జవాబివ్వకురా అబ్బాయ్. ఇచ్చావా, నీ చెయ్యి నేర్చేసుకుంటాడు," అన్నాడు. ముసలాడికి చాదస్తం అనుకున్నాడు ఈయన. మునిగిపోయేవాడిని ఎలా వదిలేస్తాం? పెద్దాయన టీకి వెళ్ళగానే "ఎక్కడున్నావు?" అని కొట్టాడు. అటు నుంచి అదే ప్రశ్న తిరిగొచ్చింది. మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే, ఈసారి ఇంకాస్త బాగా, అచ్చం ఈయన చేతిలాగే.

"ఏవండీ!" అంటూ ఆవిడ వంటింట్లోంచి పిండి చేతులతో, గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. "చెయ్యి వచ్చేసిందా? మీ చెయ్యే! ఆ సాగదీత మీదే!"

ఆయన కుడి చెయ్యి ఒళ్ళో చచ్చిపడి ఉంది. ఆవిడ దానివంక చూసింది. గోడవంక చూసింది. గోడ ఆగలేదు.

ఆయన ఎడమ వేళ్ళతో గబగబా కుర్చీ మీద కొట్టాడు: నేను కాదు, జవాబివ్వకు. సగం అక్షరాలు తప్పులే.

"ఉష్! ఎరుపులో ఎవరా మధ్యలో?" వెనక్కి తిరక్కుండానే గదమాయించింది ఆవిడ. గోడకు చెవి ఆనించి, గరిటె కాడతో జవాబు కొట్టసాగింది. పెళ్ళికి ముందు వాళ్ళిద్దరూ చెప్పుకున్న ఊసులే అటు నుంచి వస్తున్నాయి. ఆవిడ పడుచుపిల్లలా సిగ్గుపడుతోంది. ఆయన కుర్చీలో కుతకుతలాడిపోయాడు. దొంగవెధవ! నా పెళ్ళాంతో, నా చేత్తోనా!

అయినా ఆవిడ ఆ పనిలో పండిపోయిన మనిషి. ఎంత మురిపెం ముంచుకొచ్చినా అడగాల్సింది అడక్కుండా ఉండదు. ఎక్కడున్నారు, అని కొట్టింది. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. అడగవే తల్లీ, అడుగు! చోటు చెప్పడం వాడివల్ల కాదు, ఆనాడూ కాలేదు.

గోడ ఆగిపోయింది. ఆవిడ మొహంలో నవ్వు సన్నగిల్లింది. అంతలో మళ్ళీ తీరిగ్గా, చివరి గీత సాగదీస్తూ జవాబొచ్చింది: హాల్లో. కుర్చీలో. నీ వెనకే ఉన్నాను, నా ఒంట్లో దూరిన వీడు నన్ను కదలనివ్వడం లేదు.

ఆవిడ మెల్లగా వెనక్కి తిరిగింది. వంకర పోయిన ఆ మూతినీ, తడబడుతున్న ఎడమ వేళ్ళనూ కొత్తగా చూస్తున్నట్టు చూసింది. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన్ని "మీరు" తప్ప మరో మాట అనని మనిషి. గరిటె గట్టిగా పట్టుకుని ఒక అడుగు ముందుకేసింది.

"ఆయన్ని వదులు," అంది. "ఎవరు నువ్వు?"