పేరు చెప్పిన ఇంటికే

పుంగనూరులో కాంతమ్మ పొద్దున్నే వాకిలి ఊడ్చి, సంగటికి ఎసరు పెట్టి, అది కాగేలోపల అరుగు మీద కూర్చొని నాలుగు కుట్లు వేసుకుంటుంది. పాత చీరలూ పంచెలూ కలిపి కుట్టే బొంత. బొంత మీద ఆవులు. ఆ ఊరి ఆవులే, పొట్టివి, అరచేతిలో పట్టేంతవి. తెల్లవి పంచెలోంచి వస్తాయి, ఎర్రవి చీర అంచులోంచి.

బొంత ముగిశాక ఇంకో పని ఉంటుంది. ఒక్కో ఆవు చెవి దగ్గర వంగి, అది పోవాల్సిన ఇంటివాళ్ళ పేరు చెప్పాలి. చెప్పకపోతే నిలవవు. ఎవరి పేరు చెవిన పడితే వాళ్ళింటికి దిగి నడిచిపోతాయి. ఒకసారి చౌడేపల్లె వాళ్ళ బొంతకు చెప్పడం మరిచిపోతే, మందంతా సదుం దాకా పోయి ఎవరిదో శనక్కాయ చేను తొక్కి వచ్చింది. చేనువాళ్ళు కాంతమ్మను తిట్టారు. తిట్టరా మరి.

ఆ ఏడు వేసవిలో మదనపల్లెలో ఎగ్జిబిషన్ పెట్టారు. కాంతమ్మకు సొంత స్టాలు లేదు. ఆమె బొంతలు ఎప్పుడూ గోవిందప్ప స్టాలులోనే వేలాడతాయి, అతని బట్టల అంగడి బోర్డు కింద. ఈసారి మాత్రం ఆదివారం చేతిపనుల ఆఫీసువాళ్ళు వస్తారని తెలిసింది. ఎవరి పని నచ్చితే వాళ్ళకు కుప్పం ఎగ్జిబిషన్‌లో సొంత పేరుతో స్టాలు ఇస్తారట. ఆ స్టాలు కోసం కాంతమ్మ చలికాలమంతా ఒక్క బొంతే కుట్టింది.

కొనేవాళ్ళు ఇంకా ఎవరూ లేరు కాబట్టి ఆవుల చెవుల్లో, "నేను చెప్పేదాకా ఈడే ఉండండి" అని మాత్రం చెప్పింది. తన పేరు చెప్పాలని తోచలేదు. కుట్టినవాళ్ళ పేరు చెప్పే అలవాటు ఎక్కడా లేదు.

శనివారం బస్సు దిగి స్టాలుకు పోయేసరికి బొంత బోసిగా ఉంది. ఆవులున్న చోటల్లా సూది రంధ్రాలు. కాంతమ్మ అక్కడే స్టూలు మీద కూర్చుంది.

గోవిందప్ప చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు.

"కాంతమ్మా, నీ మంద నా అంగట్లో ఉండాది. పచ్చ జాకెట్టు గుడ్డ ఒక్కటి మిగల్చలేదు. ఇప్పుడు పచ్చ లంగాలు మేస్తాండాయి."

"తోలుకొని పోతా అన్నా."

"తోలితే పోతాయా? నువ్వు పిలువు, సూడు. నా పేరు పిలిస్తేనే తల తిప్పుతాండాయి."

"మొన్న ఎవరో ఈ బొంత మీ అంగట్లో కుట్టిందేనా అంటే, ఔనని తలూపితివి కదన్నా."

"తల ఊపితే గుడ్డలు తింటాయని నాకేం తెలుసమ్మా?"

నిన్న కూతురు అశ్విని స్టాలుకు వచ్చి, స్నేహితురాలి కెమెరాతో బొంతను ఫోటో తీసుకుపోయింది. కుప్పంలో చదువుతోంది ఆ పిల్ల. అది గుర్తొచ్చి కాంతమ్మ కాయిన్ బాక్స్ దగ్గరికి పోయి హాస్టలుకు ఫోను చేసింది.

"పాపా, బొంత ఫోటో ఏం చేస్తివి?"

"నెట్‌లో పెట్టినా మా. మా హాస్టలంతా సూసినారు. శానా బాగుండాదని వాళ్ళ పేజీల్లో కూడా పెట్టుకున్నారు."

"కింద ఏమన్నా రాసినావా?"

"బోర్డు మీద ఉండేదే రాసినా. గోవిందప్ప క్లాత్ స్టోర్స్, మదనపల్లె అని. ఏ పేరూ లేకుంటే బాగుండదు కదా."

రాసిన పేరు కూడా ఆవుల చెవిన పడినట్టేనని, కాంతమ్మ జరిగింది చెప్పింది.

"నేను తీసిన ఫోటో నాదే కదమ్మా. అందరూ సూడాలనే కదా ఆడ పెట్టింది."

"ఫోటో నీదే పాపా. ఆవులు నాయి."

అశ్విని మెల్లగా, "మా అమ్మ కుట్టిందని ఎవరికీ చెప్పలేదు మా" అంది. "తీసేయమంటావా?"

కాంతమ్మ ఇంకో రూపాయి బిళ్ళ వేసింది. "యాల తీసేది? సూడనీ. పేరు మార్చు. వాళ్ళకీ చెప్పు."

ఖాళీ బొంతను మడిచి చంకన పెట్టుకుని ఇంటికి వచ్చేసింది. బస్సులో పక్కనున్నామె బొంత మీది రంధ్రాలు చూసి, "ఆవులు యాడికి పోయినాయి?" అని అడిగింది. "మదనపల్లెలో ఉండాయి" అంది కాంతమ్మ. "రేపొస్తాయిలే" అని ఆమె కిటికీ వైపు తిరిగింది.

ఆదివారం పొద్దున అశ్విని కుప్పంలో ఇంటర్నెట్ సెంటరు తెరవగానే పోయి కూర్చుంది. 'కుట్టింది మా అమ్మ కాంతమ్మ, పుంగనూరు' అని రాసింది. తర్వాత హాస్టల్లో గది గదికీ తిరిగి, అందరి చేతా మార్పించింది.

కానీ ఆఫీసువాళ్ళు చూసేది మదనపల్లెలో. ఆవులు వచ్చేది పుంగనూరుకు. ఆ సంగతి కాంతమ్మకు సంగటి కెలుకుతుంటే తట్టింది. తెడ్డు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇక చేసేదేమీ లేదు. బొంతను అరుగు మీద పరిచి కూర్చుంది.

పొద్దు వాలుతుండగా వీధి చివర దుమ్ము లేచింది. ముందు తెల్లావులు, వెనక ఎర్రావులు, మేత మేసి ఇల్లు చేరే ఆవులకుండే నిదానంతో వస్తున్నాయి. వాటి వెనకాల ఒక జీపు, హారన్ కొట్టకుండా, మొదటి గేరులో.

ఆవులు అరుగెక్కి ఎక్కడివక్కడ ఒదిగిపోయాయి. జీపులోంచి ఒకామె దిగింది. రేవతి అని, చేతిపనుల ఆఫీసరు.

"గోవిందప్పగారి స్టాల్లో చూద్దామని వెళ్తే, అవి నావి కావు మేడం, రోడ్డు మీద పోతుంటాయి, వాటి వెనకే పోండి, ఇల్లు అవే చూపిస్తాయి అన్నారు."

కాంతమ్మ లేచి నిలబడింది.

రేవతి కెమెరా తీసి, మళ్ళీ దించింది. "ఫోటో తీసుకోవచ్చా అమ్మా?"

ఇన్నేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

"తీసుకో తల్లీ. కింద పేరు రాయి."

"రాస్తాను. కుప్పంలో మీ స్టాలు మీద కూడా రాయించాలి. బోర్డు మీద ఏమని పెట్టమంటారు?"

కాంతమ్మ బొంత మీదికి వంగి, ఆవుల చెవుల దగ్గర చెప్పినట్టే, మెల్లగా తన పేరు చెప్పింది. కెమెరా క్లిక్‌మంది. ఒక్క ఆవూ కదల్లేదు.

ఒక మూల మాత్రం ఖాళీగా ఉంది. హాస్టల్లో ఎవరో సినిమాకు పోయి ఆలస్యంగా పేరు మార్చినట్టుంది. దీపాలు పెట్టే వేళకు దూడ ఒకటి పరిగెత్తుకుంటూ వచ్చింది, నోట్లో పచ్చ లంగా పీలికతో.